కొబ్బరినూనె పోసిన గిటార్

అక్కా, ఇక్కడ అందరం బాగున్నాం. శుక్రవారం మా రమ్య రిజిస్టరు పెళ్లికి నువ్వు రానన్నావని ఈ కార్డు.

పెళ్లికి కావలసింది ఇద్దరి ఇష్టం, రెండు సంతకాలు. "మేళం లేని పెళ్లేమిట్రా?" అన్నావు. మేళం నేనే! నా పెడల్ స్టీల్ గిటార్‌ను బల్లలా ముందు నిలబెట్టి, కింద పెడళ్లు తొక్కుతూ వాయిస్తానని కూతురికి మాటిచ్చాను. తీరా చూస్తే, తొక్కిన పెడల్ కిందే బిగుసుకుపోయింది. దసరాకు నీ మరదలు వీరలక్ష్మి దానికి ఆయుధపూజ చేసి పసుపూ కుంకుమా పూసింది కదా, మూఢనమ్మకం మరల్లోకి కూడా దూరిందని మూడు రోజులు దెబ్బలాడాను.

బాలానగర్‌లో లేత్ షెడ్డు నడిపే స్వరూప వచ్చి, గిటార్‌ను తలకిందులు చేసి చూసింది.

"బొట్లు పైపైనే ఉన్నయ్ సార్. లోపల కొబ్బరినూనె జిగురు కట్టింది. ఎవరు పోసిండ్రు?"

పోసింది నేనే. వీరలక్ష్మి నవ్వు నువ్వు చూడాలి!

"ఇగ మేడంను తిట్టుడు బంద్ చేసి బ్రష్షు పట్టుండ్రి" అంది స్వరూప. కిరసనాయిలుతో కడ్డీలన్నీ రుద్ది తుడిచి, కీలుకొక చుక్క కుట్టుమిషను నూనె వేశాం. పెడల్ తొక్కితే స్వరం జారుతూ లేచింది, కాలు తీస్తే మెత్తగా దిగింది. ఆనందం పట్టలేక గంటసేపు వాయించాను.

నీ మోకాళ్లెలా ఉన్నాయి? మాగాయ తే. బావగారి షుగరు మాత్రలు మరవకు. మియాపూర్‌లో దిగండి, నేనొస్తాను.

మంత్రాల మీద నా మాట మారదు. పోట్లాడాలనుకుంటే వచ్చి పోట్లాడు. అక్షింతలు పిల్లల నెత్తిన ఎన్నైనా వేసుకో, కిక్కురుమనను. గిటార్ మీద మాత్రం ఒక్క గింజ పడనివ్వకు.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు
భీమేశ్వరరావు, నిజాంపేట