అమ్మకు రాని లెక్కలు

నాగాయలంక,
14 ఏప్రిల్ 1997

ప్రియమైన సరోజ అక్కయ్యగారికి,

రాహేలు ప్రభువు పేరట వందనాలు చెబుతోంది. గుర్తుపట్టారో లేదో. జనవరిలో గుడివాడ స్త్రీల కూటంలో, మీ పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకున్న సంగతి మాట్లాడారు కదా. తర్వాత భోజనాల దగ్గర మీ పక్కన కూర్చుని ఏమీ అడగలేకపోయిన మనిషిని నేనే. అడ్రసు రాసిచ్చి, "నోటితో చెప్పలేనిది ఉత్తరంలో రాయమ్మా" అన్నారు. రాయడానికి మూడు నెలలు పట్టింది.

మా అమ్మాయి హెప్సిబాకి తొమ్మిదేళ్లు. చురుకైన పిల్ల. ఒక్కసారి వింటే పాటంతా వచ్చేస్తుంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తిరగబడతాయి. 'పడవ'ని 'వడప' అంటుంది. 'మ' చూసి 'య' అంటుంది. మూడో తరగతిలో ఒక టీచరు ఒకే పేరా పదే పదే చదవమని గంటసేపు నిలబెట్టారు. తక్కిన పిల్లలు నవ్వారు. నిలబడ్డచోటే గౌను తడుపుకుంది. ఆ మర్నాటినుంచి బడి పేరెత్తితే దానికి జ్వరంతో ఒళ్లు కాలిపోయేది. నెల చూసి మానిపించేశాను.

మావారు జీవానందం గారు పక్క ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు మాష్టారు. మాష్టారి పిల్లే బడికి వెళ్లదని నలుగురూ అంటున్నా ఆయన నన్నేమీ అనలేదు. "నువ్వు టెన్త్ పాసైనదానివి. ఏడో తరగతిదాకా నువ్వే చెప్పుకోవచ్చు" అన్నారు.

అక్కయ్యగారూ, నేను టెన్త్ పాసవలేదు.

డెబ్బై ఏడు మార్చిలో లెక్కల్లో తప్పాను. సెప్టెంబరులో మళ్లీ కట్టి మళ్లీ తప్పాను. నవంబరులో ఉప్పెన వచ్చింది. అమ్మ, చెల్లెలు అందులో పోయారు. నాన్నా నేనూ చర్చి డాబా ఎక్కి బతికాం. ఆరేళ్ల తర్వాత నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు మా మావగారు సర్టిఫికెట్ సంగతి అడిగారు. కోడలు చదువుకున్నదే కావాలని వాళ్ల పట్టుదల. నాన్న, "ఉప్పెనలో పోయిందండీ" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. అమ్మని తీసుకుపోయిన నీళ్ల మీద మేం అబద్ధం కూడా వేశాం. నాన్న పోయాడు. అబద్ధం నాకు మిగిలింది.

ఇప్పుడు ఊళ్లో అంగన్‌వాడీ పోస్టు పడింది. ఆయన సంతోషంగా డూప్లికేట్ సర్టిఫికెట్‌కి కాగితాలు తెచ్చి నా హాల్‌టికెట్ నంబరు అడిగారు. గుర్తులేదన్నాను. సెలవుల్లో నేను చదివిన స్కూలుకి వెళ్లి రికార్డు తీయిస్తానంటున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన వారం హెప్సిబాకి భిన్నాలు మొదలుపెట్టాను. సగంలో సగం పావెందుకయిందని అడిగింది. నాకూ తెలియలేదు. మళ్లీ అడిగింది. చెంప మీద కొట్టాను. తొలిసారి కొట్టడం. అది ఏడవలేదు, బడిలో నిలబడ్డట్టే నిలబడింది.

అందుకే నిశ్చయించుకున్నాను. జూన్‌లో దాన్ని బందరులో హాస్టల్‌కి పంపేస్తాను. చదువు రానిది చదువు చెప్పకూడదు. మీరూ అదే మంచిదంటే నా మనసు కుదుటపడుతుంది. ప్రార్థనలో నన్ను తలచుకోండి.

మీ చెల్లెలు,
రాహేలు

గుడివాడ,
26 ఏప్రిల్ 1997

రాహేలమ్మా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. వెంటనే రాస్తే తొందరపాటు మాటలు వస్తాయని నాలుగు రోజులు ఆగాను.

నువ్వు కోరిన మాట నేను చెప్పను. ఎందుకో చెబుతాను. ఆ రోజు కూటంలో నేను సగమే చెప్పాను. నాకు బి.ఇడి. ఉంది, పద్నాలుగేళ్లు క్లాసులో పాఠం చెప్పిన అనుభవం ఉంది. మావారికి ఏడాదికో ఊరు బదిలీ కావడంతో ఉద్యోగం మానేసి పిల్లలకి ఇంట్లోనే చెప్పాను. మా డేనియల్ ఎనిమిదేళ్లకే నూట డెబ్బై ఆరు వచనాలున్న నూట పంతొమ్మిదో కీర్తన మొత్తం అప్పజెప్పేవాడు. అందరూ మెచ్చుకునేవాళ్లు. ఒక్క మాట తప్పితే మొదటినుంచి చెప్పించేదాన్నన్న సంగతి ఎవరికీ తెలియదు. వాడిప్పుడు బందరులో బ్యాంకులో చేస్తున్నాడు. వాళ్ల నాన్నకి ఉత్తరాలు రాస్తాడు. చివర్లో 'అమ్మను అడిగానని చెప్పండి' అని ఉంటుంది. నాకు రాని లెక్క లేదమ్మా, ఓర్పు లేకపోయింది. వాడి దగ్గర 'నాకు తెలియదు' అని ఒక్కసారీ అనలేదు. అని ఉంటే వాడూ నా దగ్గర అనగలిగేవాడు.

నీకు తెలియనిది నీ కూతురు అడిగింది. అది తప్పు కాదు. తెలియదని చెప్పలేక కొట్టావు, అది తప్పు. వెళ్లి దాన్ని క్షమించమని అడుగు. తల్లి అడిగితే చిన్నతనం కాదు.

భిన్నాల సంగతికి పుస్తకం పక్కన పెట్టు. దిబ్బరొట్టె కాల్చు. రెండుగా కొయ్యి, ఒక సగాన్ని మళ్లీ రెండుగా కొయ్యమని పిల్ల చేతికే చాకు ఇవ్వు. అలాంటి ముక్కలు రొట్టె మొత్తానికి ఎన్నవుతాయో అదే లెక్కపెడుతుంది, నువ్వూ దాంతో పాటు లెక్కపెట్టు. అక్షరాలకి పళ్లెంలో ఇసుక పోసి వేలితో పెద్దగా రాయించు. కంటికి అందనిది ఒక్కోసారి వేలికి అందుతుంది. పాత శుభలేఖ అట్టకి చిన్న కిటికీ కోసి బైబిలు పేజీ మీద జరుపుతూ చదివించు, ఒకసారికి ఒక్క మాటే కనబడాలి. ఇరవై నిమిషాలు దాటితే ఆపేయి. విసుగు నీకొచ్చినా ఆపేయి. రేవుకి తీసుకెళ్లి నీళ్లకి పోటు ఎప్పుడొచ్చిందో, పాటు ఎప్పుడు తీసిందో వారం రోజులు రాయించు. రోజూ టైము ఎందుకు జరుగుతోందో నిన్ను అడుగుతుంది. తెలియకపోతే వాళ్ల నాన్నని అడుగుదామను.

ఇక జీవానందం గారి సంగతి. రికార్డు చూసి తెలుసుకునేలోగా నీ నోటితో చెప్పు. కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకు. ఇన్నేళ్లూ మీ నాన్న అబద్ధాన్ని మోశావు. సంతకం పెడితే అది నీదవుతుంది. ఆయన కోప్పడవచ్చు. కోపం రాదని నేను మాటివ్వలేను.

ఇవన్నీ చేశాక కూడా హాస్టలే మంచిదనిపిస్తే పంపు. భయపడి మాత్రం పంపకు.

నీకోసం ప్రార్థించే,
సరోజ

నాగాయలంక,
20 జూన్ 1999

ప్రియమైన సరోజ అక్కయ్యగారికి,

మధ్యలో కార్డులు రాశాను గానీ, అసలు సంగతి ఏదీ రాయలేదు. అది తేలాకే రాద్దామనుకున్నాను. ఇప్పుడు తేలింది.

మీ ఉత్తరం వచ్చాక మొదటి ఆదివారమే, ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక ఆయనకి చెప్పేశాను. నాన్న అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని కాలవ గట్టు వైపు వెళ్లిపోయారు. నాలుగు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. అయిదో రోజు డూప్లికేట్ కాగితాలు చింపి పొయ్యిలో పెట్టారు. అప్పుడన్నారు: "పద్నాలుగేళ్లు నా పక్కన భయపడుతూ బతికావు. అంత కఠినంగా ఉన్నానా నేను?" ఆ రోజు ఇద్దరం ఏడ్చాం. పోస్టు ఇంకొకరికి వెళ్లింది.

హెప్సిబాని క్షమాపణ అడిగాను. లెక్కల్లో రెండుసార్లు తప్పానని దానికీ చెప్పి, ఇక భిన్నాలు మీరు రాసినట్టు రొట్టె ముక్కలతో నేర్చుకుందువుగాని అన్నాను. "నీకు అంకెలు తిరగబడేవా అమ్మా?" అంది. తిరగబడటం కాదు, అర్థమయ్యేవి కావన్నాను. "అయితే నీకు కూడా రొట్టె ముక్కలతో చెప్పాలి" అంది. నవ్వుతాలుకి అనలేదు, అక్కయ్యగారూ. మర్నాడు రొట్టె కోసి నాకే పాఠం చెప్పింది. సగంలో సగం పావెందుకయిందో ముప్పై అయిదేళ్లకి తెలుసుకున్నాను.

హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ జూన్‌లో మావారే నా చేత టెన్త్‌కి ప్రైవేటుగా కట్టించారు. పాత పరీక్ష చెల్లదు, ఆరు సబ్జెక్టులూ మళ్లీ రాయాలన్నారు. పొద్దున హెప్సిబా పాఠాలు, సాయంత్రం మా ఇద్దరి లెక్కలు. తొంభై ఎనిమిదిలో అయిదు పాసై లెక్కల్లో ఇరవై తొమ్మిది వచ్చాయి. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అది వచ్చి, తప్పులన్నీ ఏ పాఠంలో వచ్చాయో రాసుకుందాం లెమ్మని పలకా బలపం మంచం మీద పెట్టింది. నేను దానికి చెప్పే మాటే. ఈ మార్చిలో మళ్లీ అవనిగడ్డ వెళ్లి రాశాను. నలభై మూడు. పాసయ్యాను.

దీనికన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. మేలో పాస్టరుగారు బాలికల ఆదివారానికి వాక్యం చదవమని హెప్సిబానే అడిగారు. నేను వద్దని సైగ చేశాను. అది చూడనట్టు లేచి వెళ్లింది. కిటికీ కోసిన అట్ట పేజీ మీద పెట్టి మెల్లగా చదివింది. నాలుగో వచనంలో ఒక మాట తప్పు వచ్చింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హెప్సిబా ఆగింది, అట్ట వెనక్కి జరిపింది, ఆ మాట సరిగ్గా చదివి ముందుకెళ్లింది. చివరిదాకా చదివి, వచ్చి నా పక్కన కూర్చుని, "అమ్మా, ఇక బడికి వెళ్తాను" అంది.

ఎంట్రన్సు రాసి ఆరో తరగతిలో చేరింది. మొదటిరోజు గేటు దగ్గర నా చెయ్యి వదిలించుకుని వెళ్లిపోయింది. పొద్దుటిపూట ఇల్లు బావురుమంటోంది. ఖాళీగా కూర్చుని, నా పని అయిపోయిందా అనుకున్నాను రెండు రోజులు.

నిన్న బడినుంచి వచ్చి చెప్పింది. దాని పక్కన కూర్చునే రోజా, చేపలు అమ్మే కోటమ్మ కూతురు, ఆ పిల్లకీ అక్షరాలు కుదురుగా నిలవవట. మాష్టారు చదవమని లేపుతారని రెండు రోజులుగా బడి ఎగ్గొట్టి రేవులో కూర్చుంటోందట. కోటమ్మతో తనే మాట్లాడి వచ్చింది. "రేపు సాయంత్రం రోజాని తీసుకొస్తున్నాను. నువ్వు చెప్తావు కదమ్మా?" అని అడిగింది.

చెప్తానన్నాను.

మీ రాహేలు