మడకశిర సంతలో మన గొర్రె

అన్నా,

నువ్వు మందతో సహా కనపడకుండా పోయి ఈ చలికాలానికి రెండేళ్లు. గొర్రెలు అమ్ముకుని నువ్వు బస్సెక్కుతుంటే చూశానని మామ చెప్పిన మాటే అందరం నమ్మాం.

ఈరోజు మడకశిర సంతలో ఒక ముసలి గొర్రె చెవికి మన మూడు గాట్లు కనిపించాయి. ఆ గుర్తు మన మందకు తప్ప ఇంకే మందకూ లేదు.

"దీన్ని యాడ కొన్నావప్పా?" అని నాయన అడిగాడు.

"మీ బామ్మర్ది కాడే. రెండేండ్లాయ. మందంతా ఆయప్పే తోలకొచ్చి అమ్మినాడు. నీకు తెలీదా ఏం?" అని బేరగాడు నవ్వాడు.

"బస్సెక్కినాడన్న మాట అబద్ధంరా," అన్నాడు నాయన నాతో. తర్వాత ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఫిర్యాదు నేనే రాశాను. బడిలో కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా నీకు చెప్పేవాణ్ణి కదా, ఈరోజు మాత్రం ఎప్పుడో తెలిసిన మాట దగ్గరే కలం ఆగిపోయింది.

"రాయరా, చంపినాడని రాయి," అన్నాడు నాయన.

రాశాను. ఆ అక్షరాలు నా చేతిరాతలా లేవు.