సిబిల్లా గుహలో చేపల కేక

పొత్సువోలి,
ఈస్టరు వెళ్లిన గురువారం

ప్రియమైన ఆనియెల్లోకు,

ఇక్కడ అందరం కులాసా. అత్తయ్య మోకాళ్లు కూడా ఈ వారం గొడవ చెయ్యడం లేదు. నువ్వూ, నీ ఓడా, నీ వంటగదీ చల్లగా ఉండాలని సాన్ ప్రోకొలోకు రోజూ మొక్కుతున్నాను.

మార్సెయ్ నుంచి రాసిన ఉత్తరం అందింది. పైకప్పు ఇప్పుడు కారడం లేదు. పిల్లి ఈనింది. ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన సంగతి: ఎప్పుడు ఫోను చేసినా నేను స్నానంలోనే ఉన్నానని అత్తయ్య చెబుతోందట, చేపలమ్మే దానికి ఇంత శుభ్రం ఎప్పుడొచ్చిందట. నీ ఎగతాళికి జవాబుంది, కాస్త ఆగు.

ముందు ఈస్టరు సోమవారం కబురు. ఊరంతటిలాగే మేమూ పైన గుడ్లు గుచ్చి కాల్చిన పండగరొట్టె, వైన్ సీసా మూటగట్టుకుని కూమా కొండకు పోయాం. నాతో తితీనా వచ్చింది. అవును, చేపల బజారులో నా ఎదురుబల్ల తితీనాయే. తిట్టుకోకుండా మేమిద్దరం ఒక పూట గడపడం ఇదే మొదలు. తిన్నాక నన్ను చెయ్యి పట్టుకుని సిబిల్లా గుహలోకి ఈడ్చుకెళ్లింది.

ఎందుకో ఇప్పుడు చెప్పేస్తాను. చలికాలంలో నా మెడలో గడ్డ తీశారు. ప్రాణభయం లేదు, కంగారు పడకు. గొంతు మాత్రం పోయింది, గుసగుసే మిగిలింది. రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చేతులెత్తేశాడు. సముద్రం మీద ఉన్నవాడికి చెప్పి ఏం లాభమని అత్తయ్యచేత ఒట్టు వేయించుకున్నాను, ఫోనులో ఆ స్నానాల అబద్ధం అందుకే. కేక లేని చేపలదాని దగ్గర ఎవరు కొంటారు? నా బల్ల మూతపడింది. చాలా ఏడ్చాను, ఆనియెల్లో. చప్పుడు లేకుండా ఏడవడం ఎంత కష్టమో నీకు తెలియదు.

పాతకాలంలో ఆ గుహలో జోస్యం చెప్పిన సిబిల్లా సంగతి నీకు తెలిసిందే. పిడికెడు ఇసుకలో ఎన్ని రేణువులో అన్నేళ్లు బతుకిమ్మని దేవుణ్ణి అడిగింది, వయసు నిలపమనడం మరిచింది, ఎండి ఎండి చివరికి గొంతొక్కటే మిగిలింది. రోమన్లనాటి ఆ రాతి సొరంగం చివర, ఆవిడ కూర్చునే గదిలో తితీనా నన్ను నిలబెట్టింది. “ఆ ముసల్దానికి గొంతు తప్ప ఏం లేదు, నీకు గొంతు తప్ప అన్నీ ఉన్నాయి. మీరూ మీరూ తేల్చుకోండే,” అని తను వాకిలిదాకా వెళ్లిపోయింది.

ఏమని అడగాలో తోచలేదు. ప్రార్థన రాలేదు. నోరు తెరిస్తే, నెత్తళ్ల బుట్ట ముందు చిన్నప్పటినుంచీ అరిచిన మాటే వచ్చింది: “బతికున్నాయి! బతికున్నాయి!”

ముందు గాలి, తర్వాత బొంగురు, ఆపైన నిజం కేక. రాయి దాన్ని అందుకుని వాకిలిదాకా మోసుకుపోయింది. దారిలో ఉన్న ఒక పెద్దావిడ, పోయినవాళ్ల గురించి సిబిల్లా చెప్పే కబురనుకుని శిలువ గుర్తు వేసుకుంది. వాకిట్లో తితీనా మాత్రం, బజారులో నా ప్రతి కేకకూ ఇచ్చే జవాబే ఆలోచించకుండా ఇచ్చేసింది: “నిన్నటివి!”

ఆ మాటకు నేనింత మురిసిపోతానని ఎన్నడూ అనుకోలేదు. తితీనా పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. తిట్టడానికి మనిషి లేక తన నోరు తుప్పుపట్టిపోయిందని నన్నే తిట్టింది, ఏడ్చింది కూడా.

గెలిచాను, ఆనియెల్లో. నిన్న నా బల్ల మళ్లీ పెట్టాను. మధ్యాహ్నం కాకముందే బుట్ట ఖాళీ. గొంతు మాత్రం పాతది కాదు. సిబిల్లా తనదే ఇచ్చేసిందో ఏమో, బాగా ముదిరిన గొంతు. నా మాట విని, ఇంట్లోకి ఎవడో మగాడు దూరాడని అత్తయ్య చీపురు పట్టుకొచ్చింది. అందుకని నువ్వు ఓడ దిగి వచ్చినప్పుడు, మన తలుపు అవతల మగగొంతు వినిపిస్తే వంటకత్తి తియ్యకు. అది నీ పెళ్లామే.

ఇట్లు,
నీ భార్య
నున్జియాతా