మీ నాయన సగం పత్యం

ఆదివారం రాత్రి, నాచారం

చిట్టీ, నీ సంవత్సరీకం అయ్యాక మొదటిసారి ఇల్లు కదిలాం. ఉప్పల్‌లో బస్సెక్కి లక్నవరం చెరువు చూసొచ్చాం. షుగరున్న మీ నాయనకు నువ్వు చెప్పేదానివి కదా, "టూర్ల పత్యం జెయ్యకు నాయినా, అన్నీ తిను, గాని సగమే తిను" అని. నువ్వు పోయినప్పటి నుంచి సరిగ్గా తినని మనిషి సగం ప్లేటు బజ్జీలు తిన్నాడు. మురిసిపోయాను. తర్వాత సగం పూరీ, సగం జిలేబీ, పక్క బండి దగ్గర మళ్లీ సగం బజ్జీలు!

"గిన్ని సగాలు కలిస్తే ఎంతైతదయ్యా?" అన్నాను.

"నా బిడ్డ మాట దాటుతనా? ఏదన్న నిండ తిన్ననా, నువ్వే జెప్పు!"

మిగతా సగాలన్నీ నా కడుపులోకే పోయాయి. ఇద్దరం పడి పడి నవ్వాం. నవ్వాక భయమేసింది, నువ్వేమనుకుంటావోనని...

రేపటి నుంచి ఆయనకు జొన్నరొట్టె, ఆకుకూరే. నువ్వు కూడా అక్కడ మంచిగా తిను బిడ్డా.