దండ తీసీసిన పొటో

శివాజీ నాన్నకి దాలమ్మ రాస్తన్నది. ఇక్కడ ఎచ్చెర్లలో నేను, కోడలు దుర్గ బాగున్నాం. ఫోనులో అయితే ఏడుపొస్తాదని కార్డు రాస్తన్నాను. మన శివాజీ సరదాకి కొనుక్కున్న కెమెరాతోనే, ఆడు పోయినాక కోడలు స్టూడియో తెరిసింది గదా. నువ్వు దండేసి ఇచ్చిన ఆడి పొటో అక్కడ గోడకి పెట్టినాను. పెళ్ళి పొటోల బేరానికొచ్చినోళ్ళు ఆ దండ సూసి గుమ్మంలోంచే ఎళ్ళిపోనారు. నేనే దండ తీసీసినాను. నిన్న కాలేజీ పిల్లొకతె ఆ పొటో సూపించి, "నాకూ అలాగ నవ్వు మొకం రావాలమ్మా" అంది. "మా కొడుకే తల్లీ" అన్నాను గాని, లేడని సెప్పలేదు. ఆవు ఈనిందా? నా దుప్పటి పంపించు, వేళకి తిను. దండ పెట్లో దాసినాను, కోపడకు. ఒకపాలి వచ్చి, దండ లేకుండా ఆడ్ని సూడు. తర్వాత నువ్వెలాగంటే అలాగే.