అంకెల నోటుబుక్కు, కొత్త బ్యాటరీ

అమ్మాయ్, తప్పులుంటే మన్నించు, నా రాత నత్తనడక.

సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. నీ కరెంటు కారుకు వారంటీ కిందే కొత్త బ్యాటరీ వేస్తారట. రేపు తొమ్మిదికల్లా తీసుకెళ్ళు. బల్ల మీదున్న నా నోటుబుక్కు కూడా కావాలన్నారు. ఛార్జింగ్ చాలక నువ్వు వెళ్ళడం మానేసిన ఊరి చివరి పేషెంట్లకు, వాళ్ళ నర్సమ్మవి నువ్వు మళ్ళీ వస్తావని చెప్పు.

"బ్యాటరీ బాగానే ఉంది, మీ డ్రైవింగే బాగాలేదు" అని ఆ మెకానిక్ నిన్ను తిప్పి పంపాడని ఒళ్ళు మండి, నిన్న నేనే వెళ్ళాను. నాకు అంకెలు వంటబట్టాలని, ఫుల్ ఛార్జింగ్‌లో కారు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తే అన్ని రోజూ రాయమన్నావు కదా, రెండేళ్ళ ఆ పేజీలు ముందు పెట్టాను. మూడు వందల పది కాస్తా నూట ఎనభైకి దిగడం చూసి, "ఎవరు రాశారు మామ్మగారూ?" అన్నాడు.

"నేనే. మా కోడలు నేర్పింది" అన్నాను. మొన్న నువ్వెళ్ళినప్పుడు బ్యాటరీకి చేసిన పరీక్ష మళ్ళీ చూస్తానన్నాడు.

నా రాత కోడి గెలికినట్టుందని నవ్వావు, గుర్తుందా? ఆ గెలుకుడే పనికొచ్చింది. అరవై దాటాక చెయ్యి పట్టుకుని దిద్దించావు. ఇన్నాళ్ళకు నీకు ఏదో ఒకటి చేయగలిగాను.

ఈ మాట వదినగారికి చెప్పకుండా ఉండలేక వాళ్ళింటికి వెళ్తున్నాను. పాత బ్యాటరీకి చివరి అంకె నువ్వే రాయి. కొత్తదానికి పేజీ నేను తెరుస్తాను.

మీ అత్తయ్య, అరవై ఎనిమిదేళ్ళు, మీ మామయ్య పోయినప్పటి నుంచి నీ ఇంట్లోనే, వంటింటి పక్క గది.