కాటుక గీత

నిడుగల్లు, 3 ఫిబ్రవరి 1947, సోమవారం

ఈ ఉదయం రంగక్కకు నీళ్లు పోస్తుంటే ఆమె పొట్టమీద అరచేతి ముద్ర కనబడింది. నల్లగా, వేళ్లతో సహా. ఎవరూ కొట్టలేదు. ‘నల్లబడింది’ అని రాసి కొట్టేశాను. ‘కమిలింది.’ మంచి మాట.

అమ్మ లేదు గనుక, అక్క బాలింతరాలని, స్కూలుకు లీవు పెట్టి ఇక్కడే ఉన్నాను. కాన్పయ్యాక కాలిలో నెత్తురు గడ్డకట్టిందని బెంగళూరు డాక్టరు దాన్ని పలచన చేసే మాత్రలిచ్చారు. నెత్తురు కనబడితే ఆపెయ్యమన్నారు. ఉమ్మి, మూత్రం, పళ్లచిగుళ్లు, అన్నీ చూశాను. కనబడలేదు. మాత్ర వేశాను.

4, మంగళవారం

అక్కకు పట్టుకున్న దగ్గు తగ్గలేదు. దగ్గితే లోపల ఎవరో గిల్లినట్టు ఉండాదంటుంది అక్క.

అక్క అత్త గుండమ్మ ముద్ర చూసి, ఇది హొన్నమ్మ చెయ్యేనంది. హొన్నమ్మ బావ మొదటి భార్య, కాన్పులో పోయింది. నా మంచమూ నీకే, బిడ్డా నీకేనా అని వచ్చినాదంట. ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. బతికినన్నాళ్లూ మా అత్తకు జడిసి నోరెత్తనిది చచ్చినాక చెయ్యెత్తుతాదా అని అక్క నవ్వింది. నవ్వి, పొట్ట పట్టుకుంది.

పెరుగుతోందో లేదో తెలియాలని బిడ్డ కాటుకతో ముద్ర చుట్టూ గీత గీశాను. దయ్యమైతే గీత దాటదులే అంది అత్త.

నెత్తురు కనబడలేదు. మాత్ర వేశాను.

5, బుధవారం

దాటింది.

అదే రోజు, సాయంకాలం

వేళ్లు నడుము దాకా పాకాయి. ముద్ర కింద గట్టిగా గడ్డ. మంత్రగాడు ముత్యాలప్ప తాయెత్తు కట్టి, అమాస దాకా గడప దాటించొద్దప్పా అని బావతో చెప్పి వెళ్లాడు.

బిడ్డకు పెట్టగా మిగిలిన కాటుక అక్క కంటికి పెట్టబోయాను. రెప్ప కిందికి లాగితే లోపల తెల్లగా ఉంది. ఎర్రదనమంతా ఎక్కడికి పోయింది?

సోమవారం రాసింది మళ్లీ చదివాను. కమిలింది. చిన్నప్పుడు నా మోకాలు కమిలితే అక్కే కదా చెప్పింది, తోలు కింద నెత్తురు నిలిచినాదే అని!

నేను వెతుకుతున్న దాని చుట్టూనే గీత గీశాను.

మాత్ర వెయ్యలేదు. బావకు చెప్పాను. బావ గడప వైపు చూశాడు. ఒకదాన్ని ఈ ఇంట్లోనే పెట్టుకొని పోగొట్టుకున్నా, చాలు అన్నాడు. బండెద్దులు మంగళవాడలో ఉన్నాయి, తోలుకొస్తానని కర్ర తీసుకొని పోయాడు.

దీపం పెట్టాక

అక్క చేతులు చల్లగా ఉన్నాయి. ముద్ర వెచ్చగా ఉంది.

కోడి కూయకముందే బండిలో పావగడ ఆసుపత్రికి. డాక్టరు అడగకముందే చెప్పాలి: నెత్తురు కనబడినాది సార్, నేనే గుర్తుపట్టలేదు.